బోదకాలు బయటపడకముందే పట్టుకునే పరికరాలు: టేపు నుంచి బయోఇంపిడెన్స్ దాకా

పదిహేనేళ్ల అమ్మాయికి ఫైలేరియా పరీక్ష పాజిటివ్ వచ్చింది. కాళ్లు చూస్తే మామూలుగానే ఉన్నాయి, నొక్కితే గుంట పడటం లేదు, గజ్జల్లో బిళ్ళలు లేవు. ఆ చర్మం కింద లింఫ్ నాళాలు, అంటే కణాల మధ్య మిగిలిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలు, బాగున్నట్టా, ఇప్పటికే దెబ్బతిన్నట్టా? ఈ ప్రశ్నకు జవాబు ఇస్తామనే పరికరాలు చాలానే ఉన్నాయి. ఊళ్లలో సర్వే చేసే బృందాలకు, వైద్య కళాశాలల్లో దీని మీద పనిచేసేవాళ్లకు వాటిలో ఏది ఎంతవరకు ఉపయోగమో చెప్పడానికే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. టేపు ఒక్కటే ఉంటే ఈ వయసులో ఏమీ తెలియదు. కణజాలం మెత్తదనాన్ని కొలిచే ఇండ్యూరోమీటర్, కాలిలో నీటిని విద్యుత్తుతో కొలిచే బయోఇంపిడెన్స్ యంత్రం రెండూ కలిపి, ఒకే మనిషిని నెలల తేడాతో మళ్లీ మళ్లీ కొలిస్తే తెలుస్తుంది. ఒక్కసారి కొలిచి "నీకు ఉంది, నీకు లేదు" అని చెప్పే యంత్రం మాత్రం ఇంకా రాలేదు. అలా చెబుతామనేవాళ్లను నమ్మకండి.

పరికరాల్లోకి వెళ్లేముందు, అవి దేన్ని వెతుకుతున్నాయో చూద్దాం. మన దగ్గర ఈ జబ్బు తెచ్చేది ఎక్కువగా వుకరేరియా బాంక్రాఫ్టీ అనే పురుగు, మోసుకొచ్చేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ. పెద్ద పురుగులు లింఫ్ నాళాల్లోనే కాపురం పెట్టి ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. అవి బతికి ఉండగానే నాళం వ్యాకోచిస్తుంది, లోపలి కవాటాలు సరిగా మూసుకోవు, లింఫ్ ద్రవం పైకి పారడం తగ్గుతుంది. ఇదంతా చిన్నతనంలోనే మొదలవుతుంది, కాలు వాచేది చాలా ఏళ్ల తర్వాత. కేరళలోని అలప్పుళలో ఇదే జబ్బు తెచ్చే మరో పురుగు బ్రూగియా మలయి సోకిన పిల్లలకు లింఫోసింటిగ్రఫీ (లింఫ్ నాళాలను చూపే స్కాన్) చేసినప్పుడు, బయటికి ఏ లక్షణమూ లేని పిల్లల్లో కూడా నాళాల దెబ్బ కనిపించింది. ఆ ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. అంతకన్నా విలువైన సంగతి తర్వాత తేలింది. పురుగు మీద పనిచేసే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చి కొంతకాలం గమనిస్తే ఆ పిల్లల్లో చాలామందికి నాళాలు మెరుగుపడ్డాయి. గట్టిపడిపోయిన కాలిని వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. ఈ దశలో మాత్రం దెబ్బ వెనక్కి తగ్గుతుంది. ముందుగా పట్టుకోవాలనే తాపత్రయం అందుకే. ఆ డీఈసీని 1940ల్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో వెలికితెచ్చిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గోదావరి జిల్లాలే బోదకాలుకు పాత స్థావరాలు కూడా.

మొదటి మెట్టు: ఫైలేరియా టెస్ట్ స్ట్రిప్

నాళాల గురించి ఇది ఏమీ చెప్పదు. ఎవరి కాళ్లు కొలవాలో చెబుతుంది. వేలి కొసన గుచ్చి 75 మైక్రోలీటర్ల రక్తం తీసి స్ట్రిప్ మీద వేస్తే పురుగు విడుదల చేసే యాంటిజెన్ అనే పదార్థాన్ని 10 నిమిషాల్లో చూపిస్తుంది. పాత రాత్రి రక్త పరీక్షకు రాత్రి పది దాటాక ఇంటింటికీ తిరగాలి, ఎందుకంటే మైక్రోఫైలేరియాలు, అంటే పురుగు పిల్లలు, ఆ వేళకే రక్తంలోకి గుంపులుగా వస్తాయి. స్ట్రిప్‌కు ఆ బాధ లేదు, బడి వేళల్లోనే పని అయిపోతుంది. పాత కార్డు టెస్టులా ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, 37 డిగ్రీల వరకు బయట ఉంచుకోవచ్చు. అయితే మే నెలలో జీపు డాష్‌బోర్డు మీద ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. పెట్టెను నీడలో, సీటు కింద పెట్టండి.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. రక్తం తక్కువ పడితే గీత రాదు. రక్తం తీసిన గొట్టంతో స్ట్రిప్ ప్యాడ్‌ను గట్టిగా గుచ్చితే రక్తం పక్కనుంచి పారిపోతుంది, కాబట్టి ప్యాడ్ పీల్చుకునేంత నెమ్మదిగా వదలాలి. మూడోదే అసలైనది: పది నిమిషాలకు చూడాల్సిన ఫలితాన్ని అరగంట తర్వాత చూస్తే లేని గీత కనిపించవచ్చు. ఒకేసారి పదిమందికి వేసి వరసలో చదివేటప్పుడు ప్రతి స్ట్రిప్ ట్రే మీద వేసిన సమయం పెన్నుతో రాయండి. లేతగా వచ్చిన గీత కూడా పాజిటివే. వెలుతురు లేని గదిలో చదవొద్దు.

ఈ పరీక్ష బ్రూగియాను పట్టుకోదు. ఆఫ్రికాలోని మధ్య దేశాల్లో పనిచేస్తున్న తెలుగు వైద్యులు ఇంకోటి గుర్తుంచుకోవాలి: అక్కడ కంటి పురుగు లోవా లోవా రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇది తప్పుడు పాజిటివ్ ఇస్తుంది. మందు వేసుకున్నాక కూడా యాంటిజెన్ చాలాకాలం రక్తంలో మిగులుతుంది, కాబట్టి చికిత్స పనిచేసిందో లేదో తేల్చడానికి దీన్ని వాడకూడదు.

టేపు

చౌక, బ్యాటరీ అక్కర్లేదు, అందరికీ తెలిసినది. మడమ దగ్గర మొదలుపెట్టి ప్రతి 4 సెంటీమీటర్లకు చుట్టుకొలత తీసి, రెండు చుట్టుకొలతల మధ్య ముక్కను తలలేని శంకువుగా లెక్కకడితే ఘనపరిమాణం వస్తుంది. మొదటి చుట్టుకొలత వర్గం, రెండో దాని వర్గం, రెండింటి గుణకారం, ఈ మూడూ కలిపి, ఎత్తుతో గుణించి, పై (π) విలువకు పన్నెండు రెట్లతో భాగించాలి. 24, 26 సెంటీమీటర్ల చుట్టుకొలతలు, 4 సెంటీమీటర్ల ఎత్తు అయితే ఆ ముక్క దాదాపు 199 మిల్లీలీటర్లు.

బోదకాలు వచ్చిన మనిషికి వాపు తగ్గుతోందా అని చూడటానికి ఇది చాలు. వాపే లేని కుర్రాడికి? కండ, కొవ్వు, ఎముక, నీరు అన్నీ కలిపి కొలిచే పద్ధతిలో 50 మిల్లీలీటర్ల అదనపు ద్రవం కనిపించదు. ఎదిగే వయసులో ఆరు నెలల్లో పిక్క ఎలాగూ లావవుతుంది. టేపు బిగించే చేతుల్లో తేడాయే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. లోతు కెమెరాతో కాలిని త్రీడీగా స్కాన్ చేసే పరారుణ పరికరాలను శ్రీలంకలోని గాలే ప్రాంతంలో పరీక్షించారు. టేపుకన్నా వేగంగా, చేతి తేడా లేకుండా ఘనపరిమాణం ఇస్తాయి. అయినా అవి కొలిచేదీ మొత్తం ఘనపరిమాణమే కాబట్టి తొలి దశకు అదే పరిమితి వర్తిస్తుంది.

ఇండ్యూరోమీటర్

ఇక్కడి నుంచి అసలు విషయం. చర్మం కింది కణజాలం ఎంత మెత్తగా ఉందో ఇది కొలుస్తుంది. చుట్టూ ఒక చదునైన పలక, మధ్యలో చిన్న పిస్టన్. 200 గ్రాముల బరువుకు సమానమైన ఒత్తిడి చేరేసరికి పిస్టన్ ఎంత లోపలికి దిగిందో మిల్లీమీటర్లలో చూపిస్తుంది. దీనికి ముందు ఇదే పనికి వాడిన పాత యాంత్రిక టోనోమీటర్ తన బరువుతోనే దిగేది, కాబట్టి కాలి ఉపరితలం సరిగ్గా సమతలంగా ఉండి పరికరం నిట్టనిలువుగా నిలబడాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఆ ఇబ్బంది చాలావరకు పోయింది, ఒక చేత్తో పట్టుకుని నొక్కవచ్చు.

పపువా న్యూగినీలో కౌమారుల మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఫైలేరియా పాజిటివ్ వచ్చిన పిల్లల తొడ వెనుక భాగంలో తేడాను టోనోమీటర్ పట్టుకుంది. తర్వాత మధ్య మయన్మార్‌లో ఏ లక్షణమూ లేని యువతీయువకుల మీద జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి ఆరోగ్య సిబ్బందితో కలిసి చేసిన పని 2017లో వచ్చింది. ఫైలేరియా ఉన్నవాళ్ల కాళ్లలో కణజాలం ఎక్కువగా నొక్కుకుపోతోందని, కణాల బయట ద్రవం పెరిగిందని అందులో తేలింది. ఈ పరికరాల మీద మనకున్న నమ్మకానికి పునాది ఇదే.

వాడకంలో జాగ్రత్తలు చాలా ఉన్నాయి. మూడు చోట్ల కొలవాలి: తొడ ముందు, తొడ వెనుక, పిక్క. తొడ ముందు బిందువు తుంటి ముందు ఎముక మొనకీ మోకాలి చిప్ప పై అంచుకీ సరిగ్గా మధ్యలో పెట్టండి. "మోకాలి నుంచి 15 సెంటీమీటర్లు" అని రాసుకుంటే పెద్దవాళ్లకు సరిపోతుంది గానీ, ఎదిగే పిల్లకు ఏడాది తిరిగేసరికి అది వేరే చోటు అవుతుంది. దూరంలో సగం, మూడో వంతు అని నిష్పత్తిగా రాసుకోవాలి. కండరం బిగిస్తే రీడింగు పడిపోతుంది. తొడ వెనుక కొలిచేటప్పుడు బోర్లా పడుకోబెట్టి, చీలమండ కింద చుట్టిన తువ్వాలు పెడితే కాలు వదులవుతుంది.

ఒకే చోట వెంటవెంటనే మూడుసార్లు నొక్కకండి. మొదటి నొక్కుకే అక్కడి ద్రవం పక్కకు జరుగుతుంది, రెండోసారి అంకె మారిపోతుంది. ఒక వరస మూడు బిందువులూ పూర్తిచేసి, మళ్లీ మొదటికి రండి. అలా మూడు వరసలు తీసి మధ్య విలువ రాసుకోండి. పిల్ల పొద్దున్నుంచి నిలబడి ఉందా, ఆటలాడి వచ్చిందా అన్నది కూడా అంకెను మారుస్తుంది. పది నిమిషాలు పడుకోబెట్టాకే మొదలుపెట్టాలి.

దీని అసలు బలహీనత వేరే ఉంది, అమ్మేవాళ్లు అది చెప్పరు. తొలి దశలో ద్రవం పేరుకోవడం వల్ల కణజాలం మెత్తబడి పిస్టన్ లోతుకు దిగుతుంది. జబ్బు ముదిరేకొద్దీ పీచు కణజాలం గట్టిపడి తక్కువ దిగుతుంది. అంటే అంకె ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆ తగ్గే దారిలో ఒకచోట మామూలు విలువకే వచ్చి నిలుస్తుంది. ఆ రోజు కొలిచినవాళ్లు "బాగుంది" అని రాసి పంపించేస్తారు. ఇండ్యూరోమీటర్‌ను ఒంటరిగా వాడకూడదని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

బయోఇంపిడెన్స్

సన్నని, నొప్పి తెలియని విద్యుత్ ప్రవాహాన్ని కాలి గుండా పంపి ఎంత నిరోధం ఉందో చూసే పద్ధతి. తక్కువ పౌనఃపున్యంలో ప్రవాహం కణం గోడ దాటలేక కణాల బయటి ద్రవంలోంచే వెళ్తుంది. ఎక్కువ పౌనఃపున్యంలో కణాల లోపల నుంచి కూడా వెళ్తుంది. ఈ రెండింటి తేడాలోంచి బయటి నీరు, లోపలి నీరు విడిగా తెలుస్తాయి. ఇంపిడిమెడ్ వారి ఎస్ఎఫ్‌బీ7 యంత్రం 3 నుంచి 1000 కిలోహెర్ట్జ్ వరకు 256 పౌనఃపున్యాల్లో కొలుస్తుంది, సంచిలో పెట్టుకుని ఊరికి తీసుకెళ్లవచ్చు. అదే కంపెనీ వారి, నిలబడి కొలిచే సోజో నమూనా ఆసుపత్రికి సౌకర్యం, పల్లె సర్వేకు బరువు. ఊళ్లో పనికైతే మా ఓటు మొదటిదానికే.

ఎలక్ట్రోడ్లు పెట్టే తీరు ఇది. మణికట్టు వెనుక రెండు ఎముకల మధ్య, చీలమండ ముందు రెండు గుబ్బల మధ్య వోల్టేజి కొలిచే ఎలక్ట్రోడ్లు. వాటికి 5 సెంటీమీటర్లు కిందికి, వేళ్ల వైపు ప్రవాహం పంపే ఎలక్ట్రోడ్లు. కుడికాలు కొలవాలంటే ప్రవాహం కుడి చేతి నుంచి కుడి పాదానికి, వోల్టేజి మాత్రం కుడి చీలమండకూ ఎడమ చీలమండకూ మధ్య. ఎడమకాలిలో ప్రవాహం లేదు కాబట్టి దాని చీలమండ, తొడలు కలిసే చోటు ఒకే పొటెన్షియల్‌లో ఉంటాయి. అలా కుడికాలు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఇది అర్థం చేసుకోకుండా రెండో చీలమండ తీగను ఎక్కడో తగిలించినవాళ్ల అంకెలు మొత్తం పారేయాల్సిందే.

కాలి పట్టీలు, మెట్టెలు, మొలతాడులోని లోహపు ముక్కలు తీయించాలి. ఇనప మంచం వద్దు, చెక్కబల్ల మీద చాప మంచిది. తొడలు ఒకదానికొకటి తగిలితే ప్రవాహం అడ్డదారి పట్టి నిరోధం తగ్గినట్టు చూపిస్తుంది, మధ్యలో పొడి తువ్వాలు పెట్టండి. చేతులు కూడా ఒంటికి తగలకూడదు. కొబ్బరినూనె రాసుకున్న కాలికి ఎలక్ట్రోడ్ సరిగా అంటదు, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఎండకు ప్యాకెట్ విప్పి ఉంచితే జెల్ ఎండిపోతుంది. మూత్రానికి వెళ్లొచ్చి పది నిమిషాలు పడుకోవాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు చేయకూడదు. పదిహేను, పదహారేళ్ల అమ్మాయిల సర్వేలో ఈ రెండో ప్రశ్న అడగడానికి తప్పనిసరిగా మహిళా కార్యకర్త ఉండాలి, గదికి తెర ఉండాలి. నెలసరి తేదీ కూడా రాసుకోవాలి, ఆ రోజుల్లో ఒంట్లో నీరు మారుతుంది.

యంత్రం గీసే వంపును ప్రతిసారీ తెరమీద చూడండి. నునుపైన అర్ధవృత్తం వస్తే మంచిది. చెల్లాచెదురు చుక్కలు వస్తే ఎలక్ట్రోడ్ సరిగా అంటలేదని అర్థం, అంకె రాసుకోకుండా మళ్లీ పెట్టండి.

ఇప్పుడు అంకెల సంగతి. కంపెనీ ఇచ్చే ఎల్-డెక్స్ స్కోరు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత ఒక చేతికి వచ్చే వాపు కోసం పుట్టింది. ఒక పక్కను రెండో పక్కతో పోల్చడమే దాని పద్ధతి. ఫైలేరియాలో రెండు కాళ్లకూ పురుగు చేరి ఉండవచ్చు. రెండూ సమానంగా దెబ్బతింటే నిష్పత్తి మామూలుగానే వస్తుంది, స్కోరు పచ్చగా కనిపిస్తుంది. అందుకే ఈ పనికి ఎల్-డెక్స్‌ను పక్కనపెట్టి ప్రతి కాలినీ విడిగా చూడాలి.

విడిగా చూసేటప్పుడు సున్నా పౌనఃపున్య నిరోధం, అంటే ఆర్-జీరో ఒక్కటే నమ్మకండి. కాలు లావయ్యేకొద్దీ అది దానంతటదే తగ్గుతుంది, ఎదుగుదలను జబ్బనుకుంటాం. కణాల లోపలి నిరోధం ఆర్-ఐని కూడా లెక్కకట్టి, ఆర్-ఐని ఆర్-జీరోతో భాగించండి. యంత్రం ఇచ్చే ఆర్-జీరో 280 ఓమ్‌లు, ఆర్-ఇన్ఫినిటీ (పౌనఃపున్యం అనంతమైతే ఉండే నిరోధం) 200 అయితే, రెండింటి గుణకారాన్ని వాటి తేడాతో భాగిస్తే ఆర్-ఐ 700 వస్తుంది, నిష్పత్తి 2.5. తర్వాతి సారి ఆర్-ఐ 700 దగ్గరే ఉండి ఆర్-జీరో 266కు దిగితే నిష్పత్తి 2.63. కణాల బయట నీరు పెరుగుతోందన్నమాట. కాలి పొడవు, లావు ప్రభావం ఈ నిష్పత్తిలో చాలావరకు కొట్టుకుపోతుంది. కండ పెరిగే తీరు మాత్రం పూర్తిగా పోదు. అందుకే అదే ఊళ్లో, అదే వయసులో, ఆడ మగ విడివిడిగా, పరీక్ష నెగటివ్ వచ్చిన పిల్లలను కూడా కొలవాలి. ఆ పోలిక గుంపు లేకుండా చేసిన సర్వేకు విలువ లేదు. ఈ ఖర్చు మిగుల్చుకుందామని చూసే ప్రతిపాదనలను ఒప్పుకోకండి.

మిగతావి

లింఫోసింటిగ్రఫీ నాళాన్నే చూపిస్తుంది. పాదం వేళ్ల మధ్య చర్మంలోకి టెక్నీషియం కలిపిన కొల్లాయిడ్ ఎక్కించి గామా కెమెరాతో చూస్తారు. పైన చెప్పిన పరికరాల్లో ఏదీ ఇంత నేరుగా చూపలేదు. రేడియోధార్మిక పదార్థం, సూది, పెద్ద ఆసుపత్రి, వీటితో ఆరోగ్యంగా కనిపించే పిల్లలను వందల్లో చూడలేం. అనుమానం గట్టిగా ఉన్న కొద్దిమందికి చాలు. అల్ట్రాసౌండ్‌లో బతికున్న పురుగులు కదలడం కనిపిస్తుంది, ఫైలేరియా నాట్యం అని దానికి పేరు, 1994లో బ్రెజిల్‌లోని రెసిఫేలో మొదట వర్ణించారు. మగవాళ్ల వృషణ సంచిలో బాగా దొరుకుతుంది. అమ్మాయిల కాళ్లలో వెతికితే నిరాశే.

ఎవరు కొనాలి

ఫైలేరియా సర్వే చేసే పరిశోధనా బృందం, వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగం కొనుక్కోవచ్చు. ఇండ్యూరోమీటర్‌కు ఒకరు, బయోఇంపిడెన్స్‌కు ఒకరు, రాయడానికి ఒకరు కావాలి. ఏడాది పొడవునా కొలిచే చేతులు మారకూడదు. మారక తప్పకపోతే ఇద్దరూ కలిసి ఒకే ఇరవైమందిని కొలిచి, తేడా ఎంతో చూసుకున్నాకే పాతవాళ్లు వెళ్లాలి. మొదటి కొలత మందు ఇవ్వడానికి ముందే జరగాలి. అంకె కోసం మందు మాత్రం ఆగకూడదు: స్ట్రిప్ పాజిటివ్ వచ్చిన వారంలోపే కొలత పూర్తిచేసి మాత్రలు మింగించండి. అంకె పెరిగిన పిల్లలకు పాదం సబ్బుతో కడగడం, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టడం, ఒరుపులకు వెంటనే మందు రాయడం ఆ రోజే నేర్పాలి. సందుల్లోంచి దూరే బాక్టీరియా తెచ్చే జ్వరాలే కాలిని ముదరబెడతాయి.

ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్లు మాత్రం వీటిని కొనకూడదని మా గట్టి అభిప్రాయం. ఫైలేరియాకు ఇంత దాటితే జబ్బు అని అందరూ ఒప్పుకున్న హద్దు ఈ రెండు యంత్రాల్లో దేనికీ లేదు. ఒక్కసారి తీసిన అంకెను ప్యాకేజీలో పెట్టి రిపోర్టు మీద ఎర్రగా అచ్చువేస్తే, పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఆ కాగితం చేసే కీడు పురుగు చేసేదానికన్నా తక్కువేమీ కాదు.